అరామ్ వదిన పేరు పెట్టుకున్న పిల్ల

సెనెగల్ నది సముద్రంలో కలిసేచోట ఉంది మా ఎన్దార్ ఊరు. అందులో సోర్ పేటలో మా ఇంటి గుమ్మం పక్కనే బల్ల వేసుకుని, మా అరామ్ వదిన పొద్దున్నే పొడుగు రొట్టెల్లో అలసందల కూర కూరి అమ్ముతుంది. మా అన్న డాకర్ దారిలో లారీ నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. వాళ్ళకి నలుగురూ మగపిల్లలే. మా వైపు ఎవరి పేరైనా బిడ్డకు పెట్టారంటే ఆ మనిషికి అంతకన్నా గౌరవం లేదు. పేటలో ఏ ఇంట బిడ్డ పుట్టినా వదిన కొత్త గుడ్డ పట్టుకుని వెళ్ళేది. కానీ ఆమె పేరు ఎవరూ పెట్టలేదు. "పెడితే ఆ పిల్ల కూడా నాలాగే నవ్వి ఊరంతా లేపుతుందని వాళ్ళ భయం" అని తనే నవ్వేసేది.

ఒక అక్టోబరులో విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒకావిడ రొట్టె కొంటూ అడిగింది: "అరామ్, ఎస్టోనియా నుంచి చదువుకోడానికి వస్తున్నారు. పేరు కెర్ట్టు. ఈ ఏడాది మీ ఇంట్లో ఉంచుకుంటావా?"

వదిన వెంటనే ఒప్పేసుకుంది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు కంగారు మొదలైంది.

"సోఖ్నా, ఎస్టోనియా ఎక్కడుందే?"

"మంచు దేశమట వదినా."

"అయితే వాడు ఇక్కడ కరిగిపోతాడేమో!"

కెర్ట్టు అంటే మగపేరని మాకు మేమే అనుకున్నాం. చిన్నోడి గదిలో ఇంకో మంచం వేసి, గోడల నిండా ఫుట్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలు అతికించాం. తీరా టాక్సీలోంచి తాటిచెట్టంత ఆడపిల్ల దిగింది. వదిన ఆ పిల్లని కావలించుకుని, భుజం మీంచి కారులోకి తొంగిచూసి, "అబ్బాయి ఏడమ్మా?" అంది.

ఆ పిల్ల ఊహలు ఆ పిల్లకీ ఉన్నాయి. ఎడారి అంచున ఊరనగానే నిశ్శబ్దంగా ఉంటుందనీ, నది ఒడ్డున ఒక్కతే కూర్చుని చదువుకోవచ్చనీ అనుకుని వచ్చిందట. కరెంటు ఉంటుందో ఉండదోనని నుదుటికి కట్టుకునే దీపం కూడా తెచ్చుకుంది. మా పిల్లలు దాన్ని పది నిమిషాల్లో లాక్కెళ్ళి మేడ మీద మేం పెంచే పొట్టేలు నుదుటికి కట్టేశారు. మొదటి సాయంత్రం ఆమె, "కాసేపు ఒక్కదాన్నే ఉంటాను" అని గది తలుపేసుకుంది. ఒంట్లో బాగాలేదేమోనని వదినకు బెంగ పట్టుకుంది. తోడుగా ఉండమని ముందు పిల్లల్ని పంపింది, తర్వాత నన్ను పంపింది, చివరికి తనే టీ కెటిలూ బొగ్గుల కుంపటీ పట్టుకుని లోపలికెళ్ళింది. మూడో విడత టీ అయ్యేసరికి ఆ గదిలో మేం తొమ్మండుగురం ఉన్నాం. ఆ పిల్ల మంచం మూలకి ఒదిగి కళ్ళు ఆర్పకుండా చూస్తోంది.

"నీ పేరు పలకబోతే నాలిక మడతపడుతోందమ్మాయ్" అంది వదిన. "నా పేరే నీకిచ్చేస్తున్నా. ఇవాళ్టి నుంచి నువ్వు అరామ్ డియోప్‌వి. ఎవరడిగినా అదే చెప్పు."

మర్నాడు ఆ పిల్ల ఆ పేరుతోనే ఊళ్ళోకి బయల్దేరింది. మధ్యాహ్నం అన్నం వేళకి తిరిగొచ్చేసరికి ముక్కు ఎర్రబడి ఉంది. వసారాలో కూలబడి, "అమ్మా, నేనేం తప్పు చేశాను? ఊరంతా నన్ను తిడుతున్నారు" అని భోరుమంది. ఆమెకి ఫ్రెంచి బాగా వచ్చు, కాబట్టి ఎవరేమన్నారో ముక్క పోకుండా అప్పజెప్పింది.

"ఎదురింటి దర్జీ మాఖా గారు నా పేరడిగారు. చెప్పగానే తల బాదుకుని, 'అయ్యో పాపం, అంత దూరం నుంచి వచ్చి ఆ తిండిపోతుల కొంపలో పడ్డావా! మీ డియోపులంతా మా తాతల ఇంట్లో పాలేర్లు. రేపొచ్చి నా కొట్టు ఊడ్చు' అన్నారు."

వదిన పెదవులు బిగబట్టింది.

"బస్సు కండక్టరు నా పేరు విని, 'బియ్యం బస్తాలు ఎవరివైనా ఉంటే భద్రం, డియోప్ ఎక్కింది' అని అరిచాడు. గ్రంథాలయంలో పెద్దాయన నా పేరడిగి..."

అంతే, వదిన బల్ల మీంచి కిందికి జారిపోయింది. చేతిలో గరిటె ఎటో ఎగిరిపడింది. నవ్వి నవ్వి ఊపిరందక చేతులు ఊపుతోంది. ఆ పిల్లకి దుఃఖం ఇంకా ఎక్కువైంది. ఇక లాభం లేదని నేనే చెప్పాను: "వాళ్ళంతా ఎన్డియాయ్ ఇంటిపేరువాళ్ళమ్మా. డియోపులకీ ఎన్డియాయ్‌లకీ వరస అలాంటిది. కనబడితే తిట్టుకోవాల్సిందే. తిట్టకపోతేనే తప్పు, ఏదో కోపమొచ్చిందని అర్థం. పొద్దున్నుంచీ వాళ్ళు నిన్ను మనలో కలుపుకున్నారే పిచ్చిదానా!"

"అయితే నేనేమనాలి?"

"నువ్వేమన్నావు మరి?"

"క్షమించండి అన్నాను."

వదిన మళ్ళీ కిందపడింది.

ఆ సాయంత్రమే పాఠాలు మొదలయ్యాయి. ఆ పిల్లది చెవిలో చెప్పినట్టుండే గొంతు. వాళ్ళ ఊళ్ళో పక్కింటివాళ్ళతో కూడా తలూపడమే తప్ప మాటలుండవట. వదిన ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళి పొట్టేలు ముందు నిలబెట్టింది. దర్జీని ఉడికించడానికి ఆ పొట్టేలుకి మాఖా అనే పేరు పెట్టింది వదిన.

"తిట్టు దీన్ని."

"మాఖా గారూ, మీరు... ఎక్కువ తింటారు."

"గారేంటే! డాక్టరు రోగికి చెప్పినట్టు చెబుతున్నావు. కడుపులోంచి రావాలి!"

వారం తిరిగేసరికి గొంతు కాస్త తెరుచుకుంది. రెండు వారాలకి, "ఒరేయ్ మాఖా! పెళ్ళి భోజనానికి పిలవకపోయినా మూకుడు పట్టుకొచ్చే ఎన్డియాయ్!" అన్న కేక మేడ మీంచి వీధిలోకి దూకింది. కింద కుట్టుమిషను ఆగింది. "ఎవరే అది! ఆ గొంతు ఎస్టోనియాదా?" అని మాఖా బయటికొచ్చి, టేపు మెడలోనే ఉండగా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "ఇప్పుడొచ్చావు దారికి, దొంగ డియోప్! దిగి రా, టీ తాగుదువుగాని." అప్పట్నుంచి ఆమె నది ఒడ్డుకి చదువుకోడానికి వెళ్ళడం మానేసింది. దర్జీ కొట్టులో మిషన్ల చప్పుడు మధ్య కూర్చుని చదివేది, మధ్యమధ్య తల ఎత్తి ఒకటి అనేది, రెండు అనిపించుకునేది.

ఫిబ్రవరిలో మాఖా కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఎనిమిదో రోజున పేరు పెడుతున్నారంటే పేటంతా వాళ్ళ వాకిట్లో గుడారం కింద కూర్చుంది. వదిన ఎప్పట్లాగే కొత్త గుడ్డ పట్టుకొచ్చింది. ఇమాం గారు బిడ్డ చెవిలో మెల్లగా ఏదో చెప్పి, తల ఎత్తి అందరికీ వినబడేలా అన్నారు: "ఈ బిడ్డ పేరు అరామ్. అరామ్ ఎన్డియాయ్."

మాఖా లేచి నిలబడ్డాడు. "అందరూ వినండి! ఇన్నేళ్ళూ ఆ అరామ్‌ని తిట్టాలంటే వీధి దాటి వెళ్ళాల్సొచ్చేది. ఇక నా ఇంట్లోనే తిడతాను. కోపమొస్తే ముక్కు పట్టుకుని స్నానం కూడా చేయిస్తాను!"

గుడారం గుడారమంతా గొల్లుమంది. వదిన మాత్రం నవ్వలేదు. ఒళ్ళో గుడ్డని నలుపుతూ తల వంచుకుంది. కన్నీళ్ళు ఆ గుడ్డ మీదే పడుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఆమె మాట పడి తిరిగి అనకపోవడం నేను చూడలేదు. జనం సద్దుమణిగి మావైపే చూస్తున్నారు.

అప్పుడే మగవాళ్ళ ముందు అన్నం, చేపల పెద్ద పళ్ళెం పెట్టారు. మాఖా చెయ్యి చాపేలోగా మా పొడుగు పిల్ల ఒక్క అంగలో వచ్చి ఆ పళ్ళేన్ని ఎత్తి నెత్తిన పెట్టుకుంది. అంత ఎత్తున అది ఇంకెవరికీ అందదు.

"ఇది అరామ్ ఇల్లు!" అని అరిచింది. "డియోపు పేరున్న ఇంట్లో ఎన్డియాయ్‌లకి అన్నం ఎవరు పెట్టమన్నారు? ఊడ్చి పొండి!"

ముసలమ్మలు లేచి చప్పట్లు కొట్టారు. డప్పులవాడు వాయింపు అందుకున్నాడు. చేప నూనె చెంపల మీదికి కారుతున్నా ఆ పిల్ల పళ్ళెం వదలకుండా డప్పుకి అడుగులేస్తోంది. మాఖా ఆమె చుట్టూ ఎగురుతూ, "దింపవే తల్లీ, ఆకలే!" అని బతిమాలుతున్నాడు.

"డియోపులు రాజులని చెప్పు!"

"చస్తే చెప్పను!"

"అయితే చావు!"

"సరే సరే, రాజులే! తిండిపోతు రాజులు!"

అప్పుడు నవ్వింది వదిన. గుడ్డ పక్కన పడేసి, కళ్ళు తుడుచుకోకుండానే లేచి, పళ్ళెం కింద తనూ ఒక చెయ్యి వేసి డప్పుకి అడుగు కలిపింది. అన్నం సగం ఇసుకలో పడింది. మిగిలిన సగం రెండు ఇళ్ళవాళ్ళం ఒకే పళ్ళెంలో తిన్నాం. చంటిపిల్ల ఆ గోలలో గుక్కపట్టి ఏడుస్తుంటే, "వినండ్రా, అచ్చం నా గొంతే!" అని వదిన అందరికీ చూపించుకుంది.

జూలైలో ఆ పిల్ల వెళ్ళిపోయే రోజు కార్ల స్టాండుకి మేమంతా వెళ్ళాం. డాకర్ వెళ్ళే ఏడు సీట్ల కారులో కిటికీ పక్కన కూర్చోబెట్టాం. మాఖా తను కుట్టిన గౌను లోపలికి అందిస్తూ, "తిండిపోతువని రెండంగుళాలు వదులుగా కుట్టా" అన్నాడు.

"కొలతలు తీయడం రాదని చెప్పొచ్చుగా!"

వెనక సీటులో పెద్దాయన ముందుకు వంగాడు. "నువ్వు డియోప్‌వా తల్లీ? ఓరి దేవుడా, దారి పొడుగునా నా బుట్టలో మామిడిపళ్ళు ఎవరు కాస్తారు?" పక్కనున్న ఆవిడ అందుకుంది: "నోర్ముయ్, నేనూ డియోప్‌నే!" డ్రైవరు తాళం తిప్పుతూ, తను ఎన్డియాయ్‌ననీ డియోపులిద్దర్నీ సగం దారిలో దింపేస్తాననీ ప్రకటించాడు. కారు కదిలింది. కిటికీల్లోంచి చేతులు ఊగుతున్నాయి. ఆ పిల్ల గొంతు అందరి గొంతుల్నీ దాటి వినబడుతోంది.

వదిన కారు మలుపు తిరిగేదాకా చూసి, ఫోను తీసి విశ్వవిద్యాలయం ఆవిడకు కలిపింది.

"వచ్చే ఏడాదికి ఎవరొస్తున్నారు? ఎక్కడివాళ్ళైనా సరే, పంపండి. కాకపోతే ఆ మాఖాగాడికి మాత్రం ముందుగా చెప్పొద్దు, పేరు నేనే పెట్టాలి."