మా వదిన లెక్కలో అది మందు కాదు

మంగళవారం. తెల్లవారి కుళాయి నీళ్లు పట్టాను, బట్టలు ఉతికి ఆరేశాను, ఊరుబిండి పచ్చడికి చెనిక్కాయలు వేయిస్తున్నాను. తిరుపతి ఆసుపత్రి నుంచి మా వదిన కూతురు ఫోను చేసింది. "అత్తా, అమ్మ పోయిందత్తా." గింజలు మాడిన వాసన వచ్చేదాకా పొయ్యి ఆపాలని తోచలేదు.

మా ఆయనకు అక్క ఆమె. పుత్తూరులో ఉండేది. చుట్టాల్లో ఏ పెళ్లయినా వడ్డన దగ్గర ఆమే. ఎవరి విస్తట్లో ఏది తరిగిందో దూరం నుంచే కనిపెట్టేది. చాలంటే ఊరుకునేది కాదు. "గమ్మున తినబ్బా. గ్యాసు సంగతి నాకిడ్సిపెట్టు" అనేది. బొడ్లో దోపుకున్న ఆకువక్కల సంచిలో ఎప్పుడూ గ్యాస్ మాత్రల అట్ట ఉండేది. తమలపాకుతో పాటు ఒక మాత్ర చేతిలో పెట్టేది. తానూ రోజూ పరగడుపున ఒకటి వేసుకునేది, కాఫీ తాగినట్టే.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, అందరూ తిన్నాక చల్లారిన అన్నం ముందు కూర్చుంటే, నా పళ్లెం లాక్కుని వేడి సంగటి ముద్ద పెట్టింది. "వండినోళ్లు కడాన తినాలని యాడ రాసుండాది మే?" అంది. అప్పటి నుంచి నేను అందరితో కలిసే తింటున్నాను.

పోయే ముందు వారం దగ్గు, జ్వరం వస్తే దగ్గర్లోని డాక్టరుకు చూపించుకుంది. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని ఆయన అడిగాడట. "నేను మాత్రలు మింగే మనిషిని కాదు సార్" అందట, గర్వంగా. అబద్ధం కాదు. ఆమె లెక్కలో గ్యాస్ మాత్ర మందే కాదు. ఆయన రాసిచ్చినవీ, ఇదీ కలిపి మింగింది. సోమవారం పెరట్లో కళ్లు తిరిగి పడిపోతే తిరుపతికి తీసుకెళ్లారు. లయ తప్పిన గుండె ఒకసారి దారికొచ్చింది. రెండోసారి రాలేదు.

అక్కడి డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఆమె వాడిన గ్యాస్ మాత్రలో వాంతులు ఆపే మందు కూడా కలిసి ఉందట. చాలామందికి ఏమీ కాదట. కొందరి గుండెకు మాత్రం అది పడదు. దానికి కొన్ని రకాల యాంటీబయాటిక్ తోడైతే గుండె కొట్టుకునే తీరే చెదిరిపోవచ్చట. "ఆమెకు పుట్టుకతోనే ఆ బలహీనత ఉన్నట్టుంది. తోడబుట్టినవాళ్లకూ ఉండొచ్చు. మీరూ ఆ మాత్ర వాడుతుంటే ఆపి, వెంటనే ఈసీజీ తీయించుకోండి" అని మా ఆయనతో అన్నాడు.

మా ఆయన శ్రీ సిటీలో పనిచేస్తారు. రోజూ తెల్లవారుజామున అక్క పంపిన అట్టలోంచి ఒక మాత్ర మింగి, వడమాలపేటలో మా వీధి చివర కంపెనీ బస్సు ఎక్కుతారు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఒక పెద్దాయన పొట్ట నిమురుకుంటూ, "ఆయమ్మ సంచి యాడుండాది? గ్యాసు మాత్ర ఒకటియ్యండబ్బా" అన్నాడు. డాక్టరు చెప్పిందంతా అక్కడే గట్టిగా చెప్పాను.

"ఇన్నేండ్లు ఆయమ్మ చేత్తోనే మింగినాం గదమ్మా. మేమంతా సచ్చి ఈడ కూసోనుండామా?" అన్నాడాయన. నలుగురూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. జేబులోంచి మాత్ర తీసి, నా కళ్లలోకి చూస్తూ మింగారు.

ఇంటికొచ్చాక బతిమాలాను. "ఒక్క ఈసీజీ. ఎంతసేపు పడతాది? రండి."

"దాంట్లో ఏమన్నా కనపడితే? మా యక్క చేత్తో ఇచ్చేదే మా యక్కను సంపిందని నేను ఒప్పుకోవాల్నా?"

"ఆమెకు తెల్దు. మీకు తెలిసె గదా!"

"ఇడ్సిపెట్టు మే."

అట్టలు దాచేశాను. మందుల షాపులో చీటీ కూడా అడక్కుండా ఆయనకు ఇంకో అట్ట ఇచ్చారు.

ఇది చదివేవాళ్లను ఒక్కటే వేడుకుంటున్నాను. డాక్టరు అడిగినప్పుడు, అలవాటుగా మింగేవి కూడా చెప్పండి. నాకు అన్నం పెట్టిన మనిషిని తలుచుకుంటే ఏడుపు కన్నా ముందు భయం వస్తోంది. ఆమె కోసం తీరిగ్గా ఏడ్చే వీలు కూడా నాకు లేదు.

ఈరోజు తెల్లవారుజామున ఆయన ఒక చేత్తో నీళ్ల గ్లాసు అందుకున్నారు. రెండో చేతి పిడికిలిలో మాత్ర. ఆ పిడికిలిని నా రెండు చేతులతో పట్టుకున్నాను.

"వదులు. బస్సొచ్చింది."

"వదల్ను."

"అక్క ఉండుంటే నిన్ను తిట్టుండేది."

"తిట్టనీ. ఉండుంటే ఎన్నన్నా తిట్టనీ!"

వీధి చివర బస్సు హారన్ కొట్టి, కొట్టి, వెళ్లిపోయింది. ఆయన పిడికిలి విప్పలేదు. నేనూ పట్టు వదల్లేదు. గ్లాసులో నీళ్లు తొణికి గచ్చు మీద పడుతున్నాయి.