రొయ్య తల, దోమ తల

కిటికీ అవతల కెనడాలోని సస్కటూన్ ఊరి మంచు దూదిలా తేలుతోంది. ల్యాబ్‌లో ఝాన్సీలక్ష్మి ముందు మిగిలింది ఒక్కటే దోమ. దాని లాలాజల గ్రంథి చెదరకుండా బయటికొస్తేనే మలేరియా క్రిములున్నాయో లేదో తేలేది. పొద్దుట్నించీ తొమ్మిది చితికిపోయాయి. ఇదీ పోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

“ఏంటమ్మా, దోమతో కుస్తీయా?” అన్నాడు పక్క బల్ల దగ్గరి పెద్దాయన పాండురంగ.

“నవ్వకండి అంకుల్, ఇదే ఆఖరిది.”

ఊపిరి బిగబట్టి కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు భీమవరంలో అమ్మమ్మ రొయ్యలు వలవడం నేర్పిన రోజు గుర్తొచ్చింది. “తల పీకేయకే పిల్లా, మెల్లగా లాగు. నరం దానంతటదే వచ్చేస్తుంది.”

కళ్లు తెరిచి, సూదితో దోమ తలను అలాగే మెల్లగా లాగింది. వెనకే గాజుపోగులాంటి గ్రంథి జారి వచ్చింది. మైక్రోస్కోపులో సన్నని కొడవళ్లలా క్రిములు ఈదుతున్నాయి.

“దొరికాయి అంకుల్!”

గ్లవ్స్ తొడిగిన వేళ్లకే రొయ్యల వాసన అంటినట్టు అనిపించింది ఆమెకు.