ఉత్తరపు కిటికీ దగ్గర తర్జుమా

తర్జుమా చేసినవాళ్ల పేరే ఇకమీదట కాగితం కింద ఉంటుందన్న కబురు నాకు మొదట తెచ్చింది వకీలు గుమాస్తా నర్సింలు. కామారెడ్డి జిల్లా అయిన కొత్తలో, రంజాన్ దాటిన నెల అది. అప్పటికి చాలా ఏళ్లుగా నేను ఎల్లారెడ్డిలో ఒక పెద్ద వకీలు దగ్గర పాత ఉర్దూ కాగితాలను తెలుగు చేస్తున్నాను. లింగంపేట, బీర్కూర్ వైపు నుంచి నిజాం కాలం నాటి భూమి పత్రాలు వచ్చేవి. నేను బడికి పోలేదు. కామారెడ్డిలో మా అబ్బా ఇంట్లోనే కూర్చోబెట్టి ఉర్దూ, తెలుగు రెండూ నేర్పారు. ఆయనకు అల్లా జన్నత్ ఇవ్వాలి. సర్టిఫికెట్ లేదు కనుక, నేను చేసిన తర్జుమా కింద వకీలు గారి మేనల్లుడు సంతకం పెట్టేవాడు. అతను డిగ్రీ చదివాడు. ఉర్దూ రాదు.

"అక్కా, ఇగ నీ పేరే పడ్తది. సార్ అన్నడు," అన్నాడు నర్సింలు గడపలోనే నిలబడి. "గని ఇంట్ల మంచిగ ఒక జాగ చేసుకోవాల్నట. కాగితాలన్ని గీడికే పంపుతడట."

ఈ పనికి జాగ అంటే ముందు వెలుతురు. పాత రాతగాళ్లు బొరు అనే రెల్లు కలంతో, అక్షరాలు విడదీయకుండా, చుక్కలు పెట్టకుండా గబగబా రాసేవాళ్లు. సిరా వెలిసిపోయినా కలం గీరిన గాడి కాగితంలో ఉండిపోతుంది. పత్రాన్ని కొంచెం వాల్చి, పక్క నుంచి వచ్చే పగటి వెలుగులో పెడితే ఆ గాడిలో సన్నని నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. పైనుంచి పడే ట్యూబులైటు కింద తెల్ల కాగితమే కనిపిస్తుంది. మా ఇంట్లో అలాంటి వెలుతురు ఒక్క ఉత్తరపు కిటికీ దగ్గరే ఉండేది. అది మా అత్త హఫీజా బీ బీడీలు చుట్టే చోటు.

నేను అడగలేదు. కబురు విన్నదే తడవుగా ఆమె చాట, తునికాకు కట్ట ఎత్తుకుని నడిమింట్లోకి పోయింది. "నీ పేరు రాస్తరంటున్నరు గద. ఇగ మాట్లాడకు," అంది నర్సింలు ముందే.

గోడలకు సున్నం వేయించాము. పాత మంచం పట్టెలతో వడ్లాయన వాలు బల్ల చేసి ఇచ్చాడు. ఆయన పనితనానికి నేటికీ నా దువా ఉంది. పత్రాలకు పురుగు పట్టకుండా పెట్టెలో ఎండిన వేపాకు పరిచాను. గోడకు ఏమీ తగిలించలేదు. తెల్లవారి ఫజర్ నమాజు అయ్యాక బిస్మిల్లా అని అక్కడ కూర్చుంటే, రాయవలసిన మాట వెతక్కుండానే వచ్చేది. అంత మంచి చోటు నాకు పుట్టింట్లో కూడా లేదు.

పది రోజులు దాటాయేమో, వకీలు గారు మేనల్లుడిని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చారు. చాయ్ తాగారు. బల్లను తట్టి చూశారు. తర్వాత చాలా మర్యాదగా చెప్పారు.

"జాగ కమాల్ చేసినవమ్మా. మావోడు గీ కిడికి కాడ కూసుంటడు, వచ్చేటోళ్లతోని మాట్లాడ్తడు. నువ్వు లోపలి అర్రల రాసుకో. నీకు పర్దా గూడ అయితది."

"సార్, లోపల వెలుతురు లేదు. కాగితం కనపడదు," అన్నాను. "మరి నా పేరు?"

"లైటు పెట్టిస్త. పేరుదేముందమ్మా? సర్టిఫికెట్ లేని పేరు రాస్తే అవతలి వకీలు ఊకుంటడా? నేను సోంచాయించిన. మావోని పేరే ఉండనియ్యి."

నడిమింట్లోంచి మా అత్త చాటతో వచ్చింది. వాలు బల్ల మీద తంబాకు డబ్బా పెట్టి, కిటికీ కింద తన చోట్లో కాళ్లు చాపి కూర్చుంది.

"పర్దా మాకు ఎర్కనే వకీల్ సాబ్. పెండ్లయి వచ్చిన కాన్నించి గీ కిడికిలనే కూసుంట. ఇది బీడీల జాగ. మీ పిలగాడు ఆకు కత్తిరిస్తనంటే కూసోమనుండ్రి, కత్తెర ఇస్త."

మేనల్లుడు నవ్వబోయి మామ ముఖం చూసి ఆగిపోయాడు. వకీలు గారు "ముసలమ్మకు ఏం చెప్తం" అంటూ చెప్పులు తొడుక్కున్నారు. మరునాడు నర్సింలు వచ్చి, తల ఎత్తకుండా, మా దగ్గరున్న పత్రాలన్నీ సంచిలో వేసుకుని పోయాడు.

కొన్నాళ్లకు వేరే వకీళ్ల నుంచి పని వచ్చింది. ఆ కిటికీ దగ్గరే, అత్త ఒక పక్క, నేను ఒక పక్క కూర్చుని చేశాము. వాళ్లూ తమ మనిషి పేరే వేసుకున్నారు. కళ్లకు పొర వచ్చి నేను పని మానే దాకా ఏ కాగితం కిందా నా పేరు పడలేదు. పని దొరికినందుకు అల్లాకు షుకర్ చెప్పుకుంటాను. పేరు మింగినవాళ్లను మాఫ్ చేశానని మాత్రం చెప్పలేను.

ఇంట్లో రాసుకునే చోటు సర్దుకోవాలనుకునేవాళ్లు వెలుతురు, బల్ల, నిశ్శబ్దం అన్నీ చూసుకుంటారు. రాసినదాని కింద ఎవరి పేరు పడుతుందో ముందే అడగాలని నాకు ఈ పని నేర్పింది. నేను సున్నం వేయించాక అడిగాను.

నా పేరు మీరు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు. హఫీజా బీని గుర్తుపెట్టుకోండి. ఏ లిపీ చదవడం రాని ఆమే నా పేరు కోసం తన కిటికీ వదులుకుంది.