బాపు గోళ్ళలో బొగ్గు

మొన్న మా హసన్‌పర్తి ఇంట్లో మనవరాలు కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటే, పని లేదా బిడ్డా అని అడిగాను. "ఇగ నేను రాసుడేం లేదు అమ్మమ్మా, అన్నీ ఈ కంప్యూటరే రాస్తాంది, నేను తప్పులు చూసుకుంట కూసుంటాన" అంది. జీతం తగ్గిందా అంటే లేదంది. మరి ఆ మొహమేమిటని అడగబోయి ఊరుకున్నాను, ఎందుకంటే ఆ మొహం నేనెరిగిందే, డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో మా బాపుకు ఉండగా చూశాను.

బాపు ఆవిరి ఇంజను డ్రైవరు, బొగ్గు వేసే పనితో మొదలుపెట్టి, చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు పడ్డాక ఇంజను తానే నడిపే దాకా ఎదిగినవాడు. డ్యూటీ దిగి వచ్చాడంటే కళ్ళూ పళ్ళూ తప్ప తక్కినదంతా నలుపే. శనివారం అమ్మ కాగునిండా నీళ్ళు కాచి, కుంకుడు రసంతో ఆయన వీపు రుద్దీ రుద్దీ రెక్కలు పడిపోయాయని సణిగేది, అయినా గోళ్ళలో బొగ్గు పోయేది కాదు. మర్నాడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఆ చేతులే చాపేవాడు, దాచుకోకుండా, పైగా కాస్త గర్వంగానే. అన్నం తింటూ, ఏ ఎత్తు దగ్గర ఇంజను అలిగిందో, ఏం చేసి బుజ్జగించాడో మాకు కథలు చెప్పేవాడు.

అట్లాంటి రోజుల్లో డీజిలు ఇంజన్లు వచ్చాయి. షెడ్డులో సగంమందిని తీసేస్తారని ఒకరు, ఊడ్చే పనికి పెడతారని ఒకరు, ఏ నల్లా దగ్గర చూసినా అదే మాట. కొలువు పోతే క్వార్టరు పోతుంది, నా చదువూ ఆగిపోతుంది. బాపు ఆ వయసులో కుర్రవాళ్ళ పక్కన కూర్చుని కొత్త ఇంజను నేర్చుకుని, ఎట్లాగో గట్టెక్కాడు.

తీరా మొదటి డ్యూటీ చేసి, వేసుకెళ్ళిన చొక్కా వేసుకెళ్ళినట్టే ఇంటికొస్తే, పని ఇవ్వకుండా పంపేశారనుకుని అమ్మ గడపలోనే కూలబడి ఏడ్చింది. బండి నడిపే వచ్చానని బాపు ఎంతో చెప్పాక ఆమె నమ్మింది గానీ, చెప్పిన ఆయనకే నమ్మకం లేనట్టుంది. "గిట్ల వస్తే నన్ను డ్రైవరని ఎవడంటడే?" అన్నాడు.

ఆ తర్వాత జీతం పెరిగింది, దగ్గు తగ్గింది. కాదనను, ఆ పొగ ఇంకొన్నాళ్ళు పీలిస్తే మాకు మనిషే దక్కేవాడు కాదు. కానీ డ్యూటీ ఎట్లా అయిందని అడిగితే, అయింది అనేవాడు, అంతే.

మన తరం వాళ్ళం ఎన్ని చూడలేదు, కరెంటు, టీవీ, ఫోను, వచ్చినదానికల్లా కొంత నేర్చుకోవడం, కొంత మరిచిపోవడం, నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చేసింది. ప్రతిసారీ ఒకటే ధైర్యం చెబుతారు, నేర్చుకుంటే బతుకుదెరువు పోదని. నేనూ మనవరాలికి అదే చెప్పాను. అబద్ధమేమీ కాదు, మా బాపు పింఛను దాకా ఆ డీజిలు బండే నడిపాడు. ఇంటికొచ్చి మాకు చెప్పుకోవడానికి మాత్రం ఆయనకు మళ్ళీ ఏమీ మిగలలేదు.