నా ముఖానికి మాటలొచ్చిన ఏడాది

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టిని ఏ వయసులోనైనా మళ్ళీ తడిపి మలచగల దేవునికి స్తోత్రం. నలభై ఎనిమిదేళ్ళప్పుడు నా చేతులకీ, మెదడుకీ, చివరికి నా ముఖానికీ కొత్త చదువు చెప్పించిన ఆయనకే మహిమ. ఈ మాట ముందు చెప్పకుండా మిగతాది రాయడానికి నాకు చెయ్యి రాదు.

చీపురుపల్లి దగ్గర ఒక గోనెసంచుల మిల్లులో ఇరవై ఆరేళ్ళు మగ్గం నడిపాను. ఆ హోరులో పక్కవాడి మాట వినపడదు. అందుకని చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. దారం తెగింది, టీకి పోదాం, మేస్త్రి వస్తున్నాడు, అన్నిటికీ సైగలుండేవి. మేస్త్రి కంటపడకుండా నడుం దగ్గరే వేళ్ళు ఆడించాలి. ముఖంలో మాత్రం ఏమీ కనపడకూడదు.

మిల్లు మూతపడింది. ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఆ రోజుల్లోనే మా క్రైస్తవ సంఘంలో ఒకామె మీద నా దృష్టి నిలిచింది. పుట్టుకతోనే వినపడని మనిషి. భావనపాడు నుంచి మా ఊరి కోడలిగా వచ్చి ఎండుచేపలు అమ్ముకుంటోంది. చిన్నప్పుడు బధిరుల బడిలో సైగల భాష నేర్చుకుంది. బాప్తిస్మం కావాలని పదకొండేళ్ళుగా చేతులు జోడించి అడుగుతూనే ఉంది. మా పద్ధతిలో బాప్తిస్మానికి ముందు సంఘం ఎదుట నిలబడి పెద్దల ప్రశ్నలకు సొంతంగా జవాబు చెప్పాలి. తలూపితే చాలదు. బాప్తిస్మం లేనివాళ్ళకు ప్రభువు బల్ల రొట్టె ఇవ్వరు. అందువల్ల ఆ నాడు రొట్టె పళ్ళెం ఆమె దాకా వచ్చి, ఆమెను దాటి వెళ్ళిపోయేది.

సైగలు నాకు తెలిసినవే కదా అనుకుని, పెద్దల ప్రశ్నలు ఆమెకు సైగలతో నేను అడుగుతానని పాస్టరు గారికి మాటిచ్చాను. విజయనగరంలో బధిరుల బడి టీచరమ్మ దగ్గరికి రెండు నెలలు రోజూ రైల్లో వెళ్ళి ఆ భాష నేర్చుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆమెను సంఘం ఎదుట నిలబెట్టి సంఘ పెద్ద అడిగాడు.

"అమ్మా, ప్రెబువు నీ పాపాల కోసం సిలువ మీద పేణం పెట్టినాడని నమ్ముతన్నావా?"

నేను చేతులతో చెప్పాను. ఆమె నన్ను చూసి తల దించుకుంది. మళ్ళీ అడిగాను. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి కూర్చుంది.

"సూసేరా? బోదపడలేదు. మరోపాలి సూద్దాం," అన్నాడు పెద్ద.

ఆమె పక్కన కూర్చున్న మా ఆవిడ ఇంటికొచ్చాక నన్ను పట్టుకుంది. "నిన్ను సూసి బయపడిపోనాదయ్యా. నువ్వు కోప్పడతన్నావని, ఒద్దు పొమ్మంటన్నావని అనుకున్నాది. నీలాగే మొగం ముడిసి నాకు సూపించినాది."

"నాకు కోపమేటే?"

"నీ మొగం ఎప్పుడైనా సూసుకున్నావేటి? టేసన్లో ఎస్సై నీ కంటే నయం, పండక్కైనా నవ్వుతాడు."

టీచరమ్మకు చెబితే పకపకా నవ్వింది. "మావయ్యా, మీ సేతులు పాసైపోనాయి. మొగం ఇంకా మిల్లు డ్యూటీలోనే ఉన్నాది." ఈ భాషలో సగం మాట ముఖమే చెబుతుందట. ముఖంలో లేని సంతోషం చేతుల్లో ఎంత చూపినా సంతోషం కాదట.

"ఈ వయసులో ఈ మొగం మారతాదా అమ్మా?"

"మెదడు ముసిలిదైనా బడి మానదు మావయ్యా. నడిసిన సోట దారి పడతాది, నడవడం మానేస్తే గడ్డి మొలుస్తాది. రోజూ నడవండి."

మనసు కొత్తదవడం గురించి నేను చిన్నప్పట్నుంచీ వాక్యంలో వింటున్నాను. అది పాపం సంగతే అనుకున్నాను. అందులో కనుబొమలూ బుగ్గలూ కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది.

నాలుగు నెలలు తెల్లవారగానే గడ్డం గీసుకునే అద్దం ముందు కూర్చున్నాను. చేతులు నడుం దగ్గరికి జారిపోతే మా ఆవిడ గరిటెతో మోచేతి మీద కొట్టేది. "పైకి! పైకి! ఏటి కొత్తపెళ్ళికొడకా, ఇంకా తెమల్లేదా?" రైల్లో కిటికీ అద్దంలో చూసుకుంటూ ముఖం ఆడిస్తుంటే పల్లీలమ్మే ముసలమ్మ జాలిపడి ఒక పొట్లం ఊరికే ఇచ్చింది. తిన్నాను.

ఒకరోజు సరస్సు మీద తుపాను, పడవలో శిష్యులు, ఆ కథ చేతులతో చెప్పుకుంటున్నాను. సైగలు బొత్తిగా రాని మా ఆవిడ కూర కలపడం ఆపి, "పడవ ములిగిపోతాదేటి?" అంది. ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. నా ముఖం మాట్లాడింది.

రెండోసారి పిలిచారు. పెద్ద అదే ప్రశ్న అడిగాడు. నేను చేతులు గుండెల దాకా ఎత్తాను. ఆమె నా ముఖం చూసింది. అంతే, వేళ్ళు వాన కురిసినట్టు కదిలాయి. ఆమె మాటలు నేను పైకి పలికాను. "నమ్ముతున్నాను. నాకు వినపడదని తెలిశాక మా అమ్మ కూడా నన్ను పిలవడం మానేసింది. ఆయన మానలేదు." తర్వాత ఆమె పెద్ద వైపు తిరిగింది. "పదకొండేళ్ళు ఆగాను. ఇంకా ఎన్ని ప్రశ్నలున్నాయి?"

గుడంతా నవ్వేసింది. పెద్ద లేచి నిలబడ్డాడు. "ఇంకేటీ లేవమ్మా. మమ్మల్నే నువ్వు చమించాల."

తర్వాతి ఆదివారం ఆమె బాప్తిస్మం తీసుకుంది. నీళ్ళలోంచి లేచి చేతులు పైకెత్తి ఆడించింది. అది ఆ భాషలో చప్పట్లు. మూడు వందల మంది చప్పుడు లేకుండా చేతులు ఆడించారు. అంత పెద్ద స్తుతి మా గుడిలో నేనెన్నడూ వినలేదు. ఆ రోజే అందరితో పాటు రొట్టె తీసుకుంది.

ఇప్పుడు నేను టీచరమ్మ బడిలోనే పని చేస్తున్నాను. గజపతినగరం నుంచి వినపడని దంపతులు బాప్తిస్మం అడుగుతున్నారు. వచ్చే నెలలో వాళ్ళు సంఘం ఎదుట నిలబడతారు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, వాళ్ళ గుండెలో ఉన్నది ఉన్నట్టు నా నోట పలికించు. నేర్చుకోవడానికి ఇక వయసు దాటిపోయిందనుకుంటున్న ప్రతి మనిషినీ ఈ పూటే నీ చేతుల్లోకి తీసుకో. ఆమేన్ అనండి.