మళ్లీ వస్తానన్న మనిషి

నా చిన్నప్పుడు మేం నందికొట్కూరు పక్క పల్లెలో ఉండేవాళ్లం. ఒక ఏడు చలిజ్వరం మా తమ్ముణ్ణి తీసుకుపోయింది. వాణ్ణి పూడ్చి వచ్చినప్పటి నుంచి మా అమ్మ సంగటి ముట్టలేదు, నోరు తెరవలేదు. పలకరించడానికి ఊళ్లోవాళ్లు వచ్చేవాళ్లు. చావింట్లో 'పోయొస్తాం' అనకూడదని మా వైపు ఆచారం. అందుకని కాసేపు కూర్చుని, చెప్పకుండా లేచిపోయేవాళ్లు. అమ్మ తలెత్తేసరికి ఎదుట ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆ ఖాళీ జాగాను ఆమె చూసే చూపుకు నాకు భయమేసేది. తమ్ముడూ అట్లాగే చెప్పకుండా పోయాడు కదా.

మా ఊరికి ఒక బైబిలమ్మ వచ్చేది. వీధిలో నిలబడి 'పాపవిమోచనము', 'నిత్యజీవము' అంటూ పుస్తకం చదివేది. "ఆయమ్మ చెప్పేది తెలుగా, అరవమా?" అని మా అవ్వ ఎగతాళి చేసేది.

ఆ రోజుల్లోనే ఒకనాడు బైబిలమ్మ మా ఇంటికీ వచ్చింది. లోపలికి ఎవరూ పిలవలేదు. అరుగు చివర కూర్చుంది. ఆ రోజు సంచిలోంచి పుస్తకం తీయలేదు. చాలాసేపటికి లేచి, "పోయొస్తానమ్మా, రేపు మళ్లీ వస్తా" అనేసింది.

అవ్వ భగ్గుమంది. "సావింట్లో ఆ మాటంటారా యాడన్నా? ఇంగో సావును పిలుస్తాండావా?"

బైబిలమ్మ తల దించుకుంది. అంతలో లోపలినుంచి అమ్మ గొంతు వినపడింది. "ఎందుకంటివక్కా ఆ మాట?"

అవ్వ తిట్టడం ఆపి లోపలికి చూసింది.

"మేం నమ్మిన ఏసుసామి కూడా సచ్చిపోయినోడే తల్లీ," అందామె మెల్లగా. "మళ్లీ లేసొస్తానని ముందే చెప్పినాడు, వచ్చినాడు. నా కొడుకు పోయినప్పుడు ఆ మాట పట్టుకునే బతికినా. నీకు చెప్పేదానికి నాకాడ అదొక్కటే ఉండాది."

"నా బిడ్డ వస్తాడా?"

"ఈ ఇంటికి రాడమ్మా. ఆ సామి కాడ ఉండాడని నా నమ్మకం. నేను మాత్రం రేపు వస్తా."

అమ్మ అప్పుడు ఏడ్చింది. తమ్ముడు పోయాక ఏడవడం అదే మొదలు. మర్నాడు గడపలో కూర్చుని ఎదురుచూసింది. బైబిలమ్మ వచ్చింది. ఆమె ఎదుట అమ్మ రెండు ముద్దలు తినింది.

మేం ఆ మతం పుచ్చుకోలేదు. అమ్మ కూడా ఎంతో కాలం బతకలేదు, ఆ జ్వరమే ఆమెనూ తీసుకుపోయింది. వచ్చినవాళ్లు ఎప్పటిలాగే చెప్పకుండా లేచిపోయారు. అవ్వకు భయపడి కాబోలు, బైబిలమ్మ కూడా ఈసారి పలక్కుండానే అరుగు దిగింది. అవ్వ గుంజ పట్టుకుని లేచి అడిగింది. "ఏమ్మే, మళ్లీ వస్తావు గదా?"

ఇప్పుడు నాకు అవ్వ వయసు దాటింది. చావిళ్లకు పోయినప్పుడు మా కోడలు వద్దని చెయ్యి గిల్లుతూనే ఉంటుంది. అయినా ఆ మాట చెప్పే లేస్తాను. మర్నాడు పోతాను.