ఏడా, పదమూడా?

దివాలా తీయడం తేలికనుకుంటారు గానీ, తీసి చూస్తే తెలుస్తుంది. చేతిలో చిల్లిగవ్వ లేదు మహాప్రభో అని కోర్టుకి చెప్పుకోవాలన్నా అమెరికాలోని ఈ మెంఫిస్‌లో ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఏడా, పదమూడా? చట్టంలో అవి రెండు అధ్యాయాలు. ఏడు వేస్తే నాలుగు నెలల్లో అప్పులు కొట్టేస్తారు, ఇంటికి పోవచ్చు. పదమూడు వేస్తే ఐదేళ్లు జీతంలోంచి నెలనెలా కోర్టుకి కట్టి, అప్పుడు ఇంటికి పోవచ్చు. వినడానికి ఇంతే. ఈ రెండంకెల మధ్య పడి లవోనియా పెటిగ్రూకి తలప్రాణం తోకకొచ్చింది.

లవోనియాకి యాభై ఎనిమిదేళ్లు. బడి వంటింట్లో ఇరవై రెండేళ్లుగా ఆరొందల మంది పిల్లలకి వండి వారుస్తోంది. రెండేళ్ల కింద మోకాలికి ఆపరేషనైంది. ఇన్సూరెన్సువాళ్లు ఇచ్చిందేదో ఇచ్చి చేతులు దులుపుకున్నాక, ముప్పై ఒక్క వేల డాలర్ల బిల్లు ఈవిడ నెత్తిన మిగిలింది. పనికి పోలేని మూడు నెలలూ క్రెడిట్ కార్డు గీకి తింది. కారు కాగితాలు తాకట్టు పెట్టింది. ఆస్పత్రివాళ్లు కోర్టుకెక్కారు. ఇప్పుడు జీతంలో పావు వంతు చేతికి రాకుండానే వాళ్లకి పోతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అక్టోబరులోగా కట్టకపోతే కారు పట్టుకుపోతామని తాకట్టు కొట్టువాడి ఉత్తరం. తెల్లవారి ఐదింటికల్లా బడిలో ఉండాలి. ఆ వేళకి బస్సెక్కడేడిసింది?

వంటింట్లో పక్క పొయ్యి దగ్గర ఉండే డోర్కస్‌ని అడిగింది.

"పదమూడే వెయ్యి. కళ్లు మూసుకుని వెయ్యి. నాకిది మూడో పదమూడు," అంది డోర్కస్.

"మూడోదా! మొదటి రెండూ ఏమయ్యాయే?"

"మధ్యలో కట్టలేక చచ్చాను, కోర్టువాళ్లు కేసు కొట్టేశారు. మళ్లీ వేశాను. అయితేనేం, నా కారు నా వాకిట్లోనే ఉంది కదా!"

"నువ్వు సలహా చెప్తున్నావా, భయపెడుతున్నావా?"

"రెండూనూ. ఆ జున్ను ఇటు తొయ్యి."

ఆదివారం చర్చిలో సంఘపెద్ద డీకన్ గారిని అడిగింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఏడు దేవుడి సంఖ్యమ్మా. పదమూడు ఎవరి సంఖ్యో నేను వేరే చెప్పాలా?" అన్నాడు. పెద్దమనిషే, కాదనం. కానీ ఆయన జన్మలో ఏ అప్పూ చేసిన పాపాన పోలేదు, ఆయనకేం తెలుసు!

లవోనియా పసుపుపచ్చ కాగితం మీద నడిమికి గీత గీసి, ఒక పక్క ఏడు, ఒక పక్క పదమూడు అని రాసుకుంది. వారం తిరిగేసరికి రెండు పక్కలా 'కారు' అనీ, దాని పక్కన ప్రశ్నార్థకమూ మిగిలాయి. విన్నకొద్దీ తెలివి పెరగాలి గానీ ఇదేం చోద్యమో, ఉన్నది కూడా పోతోంది.

ఆఖరికి లాయరు దగ్గరకే పోయింది. ఆయన పేరు కెసింజర్, బక్కపల్చటి మనిషి, మర్యాదస్తుడు.

"ఏడుకైతే నా ఫీజు పదమూడొందలు ముందే ఇవ్వాలి లవోనియా గారూ. పదమూడుకైతే ముందు పైసా అక్కర్లేదు, మీరు నెలనెలా కట్టేదాంట్లోంచే నాకూ వస్తుంది."

"ఏడుకి పదమూడొందలేంటయ్యా? డబ్బుల్లేకే కదా నీ గుమ్మం తొక్కింది! దివాలా తీయడానిక్కూడా డబ్బు దాచుకోవాలా?"

"ఈ ఊళ్లో అందరూ ఈ మాటే అంటారు. అని, పదమూడు వేసిపోతారు."

"మరి పదమూడు వేస్తే చర్చికి నా జీతంలో పదోవంతు కానుక ఇవ్వనిస్తారా?"

"ఇవ్వనిస్తారు."

సరే, ఆ దిగులొకటి తీరింది. కానీ ఈవిడ అందరిలాంటిది కాదు. పెళ్లిళ్లకి వంటలు చేసిన డబ్బు కాఫీ డబ్బాలో పద్నాలుగొందలు దాచింది. లెక్కేసుకుంది. కారు బాకీ ఒక్కటీ నెలనెలా కట్టుకుంటే కారూ దక్కుతుందట. నాలుగు నెలల్లో మిగతా అప్పుల పీడ విరగడైతే, ఆ తర్వాత నాలుగేళ్లూ కాస్తో కూస్తో వెనకేసుకుని, అరవై రెండుకి పింఛను పుచ్చుకుని ఈ మోకాలిని కుర్చీ మీద బారజాపుకోవచ్చు. ఏడు! ఏడే! రెండు నెలల్లో మొదటిసారి గుండె తేలికైంది.

కెసింజర్ ఫారం తీసి ఒక్కో ప్రశ్నా అడుగుతున్నాడు. "గడిచిన ఏడాదిలో చుట్టాలకెవరికైనా అప్పు తీర్చారా?"

లవోనియా కుర్చీలో నిటారుగా కూచుంది. "తీర్చకేం? ఫిబ్రవరిలో పన్ను డబ్బు వెనక్కి రాగానే మొట్టమొదట మా అక్క వెర్లీన్‌కిచ్చా. రెండు వేల ఆరొందలు, డాలరు తగ్గకుండా. ఊళ్లోవాళ్ల బాకీ ఆగుతుంది గానీ తోడబుట్టినదాని బాకీ ఆగదని మా అమ్మ చెప్పేది."

ఆయన కలం ఆగిపోయింది.

"అలా ఇవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు మెల్లగా. "చట్టానికి అప్పులవాళ్లందరూ ఒకటే. ఏడాదిలోపు చుట్టానికి ముందు తీర్చి ఏడు వేస్తే, కోర్టు పెట్టిన ట్రస్టీ ఆ డబ్బు మీ అక్కని వెనక్కి అడుగుతాడు. ఇవ్వకపోతే దావా వేస్తాడు."

"మా అక్క మీదా! ఆవిడేం చేసింది?"

"ఏం చెయ్యలేదు. తీసుకుంది."

"తన డబ్బు తను తీసుకుంది!"

"అవునండీ."

"ఏడాది నిండేదాకా, ఫిబ్రవరి దాకా ఆగితే?"

"అక్టోబరులో కారు పోతుంది. జీతంలో పావు ఎలాగూ పోతూనే ఉంటుంది."

"పదమూడు వేస్తే?"

"మామూలుగా ఆమె జోలికి రారు. ఆ రెండు వేల ఆరొందలకు సరిపడా మీరే ఐదేళ్లలో కట్టుకుంటారు."

"అంటే తీర్చిన అప్పు ఇంకోళ్లకి మళ్లీ తీర్చాలా?"

"ఒకరకంగా అంతే."

లవోనియా గొంతు తగ్గించింది. "చెప్పకపోతే?"

"నాతో చెప్పేశారుగా. అదీగాక కోర్టులో చెయ్యెత్తి ప్రమాణం చేయాలి."

చూశారా న్యాయం! పరాయివాడికి ఎగ్గొట్టి పారిపోయేవాడు దర్జాగా తిరుగుతాడు. మాట నిలబెట్టుకున్న మనిషికి శిక్ష. లవోనియాకి అవమానం ముంచుకొచ్చింది. బతుకులో తలెత్తుకుని చెప్పుకోదగ్గ పని ఒక్కటి చేస్తే, అదే తప్పని రాసుకుంటున్నారు.

శనివారం అక్క ఇంటికి బయల్దేరింది. ఏం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేయడమే. అక్క దగ్గర ఆ డబ్బు ఇంకా ఉంటే పేచీ లేదు, ట్రస్టీకి ఇచ్చేస్తుంది, తర్వాత తను మెల్లగా అక్కకి తీర్చుకోవచ్చు. దారి పొడుగునా ఈ మాటలే వల్లించుకుంది.

వెర్లీన్‌కి డెబ్బై ఒకటి. చక్కెర జబ్బు, చాలీచాలని పింఛను, నోరు మాత్రం పెద్దది. వాకిట్లో కారు ఆగీ ఆగకముందే, "దిగకు, కారు తిప్పు! నీకొకటి చూపించాలి," అని పక్క సీట్లో ఎక్కి కూచుంది.

తీసికెళ్లింది శ్మశానానికి. వాళ్ల అమ్మ హెస్సీ పోయి పదకొండేళ్లు. ఇన్నాళ్లూ ఆ చోట రేకుముక్క మీద పేరే ఉండేది, అదీ వానకి చెరిగిపోయింది. ఇప్పుడక్కడ నున్నటి బూడిదరంగు రాయి నిలబడి ఉంది. దాని మీద అమ్మ పేరు. కింద చిన్న అక్షరాల్లో: కూతుళ్లు వెర్లీన్, లవోనియా.

"నా పేరెందుకక్కా? డబ్బు నీది కదా."

"నీ మొహం! నువ్విచ్చిన డబ్బే కదే. ఇంకెవరైనా అయితే ఎగ్గొట్టేవాళ్లు. నువ్వు తెచ్చి నా చేతిలో పెట్టావు. అంతా దీనికే పోసేశా, ఒక్క డాలరు మిగల్లేదు. అమ్మ చూస్తే మురిసిపోయేది."

ఇంక ట్రస్టీ మాట ఎలా ఎత్తేది? లవోనియా ఏడ్చింది. ఎందుకే అని అక్క అడిగితే, మోకాలు అంది.

సోమవారం పొద్దున్నే కెసింజర్‌కి ఫోన్ చేసింది. "పదమూడు వెయ్యండి."

"ఐదేళ్లండీ. బాగా ఆలోచించుకున్నారా?"

"నాకిప్పటికీ సగం అర్థం కాలేదు బాబూ. అర్థమైన సగానికి పదమూడే."

దివాలా తీసిన సంగతి దాగుతుందా? మూడు వారాలకి డోర్కస్ నోటి నుంచి చర్చికీ, చర్చి నుంచి వెర్లీన్‌కీ చేరింది. ఆ ఆదివారం అక్క భోజనానికి పిలిచి, వేయించిన చేపా ఆకుకూరా ముందు పెట్టి మరీ తిట్లందుకుంది.

"పదమూడా! ఒసే మొద్దూ! మా పక్కింటివాడు ఏడు వేసి నాలుగు నెలల్లో పండగ చేసుకుంటున్నాడు. బుద్ధున్నవాళ్లెవరైనా పదమూడు వేస్తారా? నన్నొక్క మాట అడగొచ్చు కదే!"

"అడుగుదామనే వచ్చానక్కా, ఆ శనివారం."

"మరి అడగలేదేం?"

"రాయి చూసి మరిచిపోయా."

"నీకు చిన్నప్పట్నించీ ఇంతే, లెక్క రాదు, బుర్ర లేదు. అరవై మూడొచ్చేదాకా ఆ మోకాలితో నిలబడి చావు మరి!" అంటూనే పెద్ద చేపముక్క తీసి చెల్లెలి కంచంలో వేసింది.

"నిలబడతాలే అక్కా," అంది లవోనియా.